వీసాలో ఒకటి, మనసులో మరొకటి

2024 జూన్‌లో హజ్ జరిగిన రోజుల్లో మక్కాలోని హరమ్ షరీఫ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ యేటి హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ఆరోగ్య మంత్రి స్వయంగా ప్రకటించారు. ప్రపంచమంతా ఎండ తీవ్రత గురించే మాట్లాడుకుంది. కాని ఆ ప్రకటనలోనే మరో అంకె ఉంది. మరణించినవారిలో 83 శాతం మంది హజ్ అనుమతి లేకుండా వచ్చినవారే. నీడ గాని, విశ్రాంతి గాని లేకుండా మైళ్ల దూరం మండుటెండలో నడిచినందువల్లే వారు మరణించారని మంత్రి వివరించారు.

ఎండ అందరికీ ఒక్కటే. నీడ మాత్రం అనుమతి ఉన్నవారికే దొరికింది. మినాలో గుడారం, అరఫాత్‌కు బస్సు, దారిలో మంచినీళ్లు, ఆరోగ్యం చెడితే చూసే డాక్టరు, ఇవన్నీ హజ్ వీసాతో ముడిపడి ఉంటాయి. ఆ వీసా లేనివాడి పేరు ఏ గుడారం జాబితాలోనూ ఉండదు. అతను తప్పిపోతే వెతికే బాధ్యత ఏ గ్రూపుకూ ఉండదు. చనిపోతే ఎవరో గుర్తుపట్టడానికే రోజులు పడుతుంది. 2024లో ఈజిప్టు, జోర్డాన్, ట్యునీషియా దేశాల కుటుంబాలు తమవారి ఆచూకీ కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగిన దృశ్యాలను మనం చూశాం.

భారతదేశం నుంచి ఆ యేడు వెళ్లినవారిలో 98 మంది మరణించినట్టు మన విదేశాంగ శాఖ తెలిపింది. వార్ధక్యం, దీర్ఘకాలిక వ్యాధులు వంటి సహజ కారణాలే ఎక్కువని చెప్పింది. అంటే పైన చెప్పిన దుస్థితి మన యాత్రికులందరిదీ కాదు. అయినా ఈ విషయం మనకు సంబంధించినది కాదనుకోవటం పొరపాటు. ఒక పనికి ఇచ్చిన వీసా మీద మరో పనికి వెళ్లే అలవాటు హైదరాబాద్ పాతబస్తీ నుంచి నిజామాబాద్, జగిత్యాల, కడప దాకా మన మధ్య చాలాకాలంగా ఉంది. హజ్ విషయంలోనే కాదు, ఉద్యోగం విషయంలోనూ ఉంది. సౌదీ అరేబియా ప్రవేశ నిబంధనలు ఏమిటి, వాటిని దాటవేస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది ఈ వారం పరిశీలిద్దాం.

నాలుగు తలుపులు

సౌదీ అరేబియాలోకి మనవాళ్లు ప్రధానంగా నాలుగు రకాల వీసాలతో వెళతారు. అవి హజ్ వీసా, ఉమ్రా వీసా, విజిట్ వీసా, ఉద్యోగ వీసా. విజిట్‌లో కుటుంబ సభ్యులు పిలిపించుకునేది, వ్యాపారం కోసం ఇచ్చేది, పర్యాటకులకు ఇచ్చేది వేర్వేరుగా ఉంటాయి. 2019 సెప్టెంబరు వరకు ఆ దేశంలో సాధారణ పర్యాటక వీసా అనేదే లేదు. ఆ యేడు మొదటిసారిగా తలుపులు తెరిచారు.

హజ్ వీసా అన్నిటికంటే ప్రత్యేకమైనది. దాన్ని దేశాల వారీగా కోటా ప్రకారం ఇస్తారు. ప్రతి పది లక్షల మంది ముస్లిం జనాభాకు వెయ్యి మంది యాత్రికుల చొప్పున కోటా ఉండాలని 1988లో ఇస్లామిక్ దేశాల సంస్థ విదేశాంగ మంత్రులు అమ్మాన్‌లో తీర్మానించారు. మన దేశం కోటా 2025లో 1,75,025. అందులో 1,22,518 సీట్లను భారత హజ్ కమిటీ ద్వారా నింపారు. మిగిలిన 52,507 సీట్లు ప్రైవేటు హజ్ గ్రూపు ఆర్గనైజర్లకు కేటాయించారు. భారతదేశం నుంచి హజ్‌కు వెళ్లదలచినవారికి ఈ రెండే దారులు. ఈ రెంటికీ బయట ‘మా దగ్గర హజ్ సీటు ఉంది’ అని ఎవరైనా అంటే ఆ మాటను నమ్మరాదు.

ఉమ్రా వీసా ఇంత కఠినం కాదు. 2022లో దాని గడువును 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచారు. ఆ వీసాతో దేశంలో ఏ నగరానికైనా వెళ్లవచ్చన్నారు. విజిట్ వీసా మీద వచ్చినవారు, ఉద్యోగులు కూడా నుసుక్ అనే ప్రభుత్వ యాప్‌లో అనుమతి తీసుకుని ఉమ్రా చేసుకోవచ్చన్నారు. ఇంతవరకు అంతా సులభమే. అయితే హజ్ నెల దగ్గరపడగానే ఈ సడలింపులన్నీ ఆగిపోతాయి. 2025నే చూడండి. ఉమ్రా వీసా మీద లోపలికి రావటానికి ఏప్రిల్ 13 ఆఖరు తేదీ. వచ్చినవారందరూ ఏప్రిల్ 29 లోగా దేశం విడిచిపోవాలి. మక్కాలోకి వెళ్లాలంటే సౌదీలో నివసించే విదేశీ ఉద్యోగులకు కూడా ఏప్రిల్ 23 నుంచి ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేశారు.

ఉమ్రాకు ఏ వీసా అయినా సరిపోతుందన్న మాటను హజ్‌కు కూడా వర్తింపజేసుకోవటంలోనే అసలు పొరపాటు జరుగుతోంది.

విజిట్ వీసాతో హజ్

ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది ఏజెంట్ల వ్యాపారం. అధికారిక హజ్ కంటే చాలా తక్కువ ధరకు ఒక ప్యాకేజీ చూపిస్తారు. హజ్‌కు నెలా రెండు నెలల ముందే విజిట్ వీసాపై మక్కాకు చేర్చి, ఓ గదిలో దాచిపెట్టినట్టు ఉంచుతారు. హజ్ రోజులు రాగానే ‘అందరితో పాటు నడిచి వెళ్లండి’ అని వదిలేస్తారు. 2024 విషాదం తర్వాత ఈజిప్టు ప్రభుత్వం ఇటువంటి 16 ట్రావెల్ కంపెనీల లైసెన్సులు రద్దు చేసింది. జోర్డాన్‌లో ఏజెంట్లను అరెస్టు చేశారు. ట్యునీషియా అధ్యక్షుడు తమ మత వ్యవహారాల మంత్రినే పదవి నుంచి తొలగించారు.

రెండోది మన ఇళ్లకు దగ్గరైనది. ఇందులో మోసం లేదు, ప్రేమే ఉంది. జెద్దాలోనో రియాద్‌లోనో పనిచేసే కొడుకు వయసు మళ్లిన అమ్మీ అబ్బాలను ఫ్యామిలీ విజిట్ వీసాపై పిలిపిస్తాడు. ఇక్కడ హజ్ కమిటీ లాటరీలో పేరు రాలేదు, ప్రైవేటు ఆర్గనైజర్ అడిగిన లక్షలు తన దగ్గర లేవు. ‘ఎలాగూ ఇక్కడికి వచ్చారు కదా, హజ్ కూడా చేయిద్దాం’ అనుకుంటాడు. ఆ కొడుకు ఉద్దేశాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కాని డెబ్బై ఏళ్ల తల్లిని గుడారం లేకుండా, బస్సు లేకుండా, చెక్‌పోస్టులు తప్పించుకుంటూ 50 డిగ్రీల ఎండలో నడిపించటం ఆమెకు సేవ అవుతుందా? ఒక్క క్షణం ఆలోచించాలి.

ఇప్పుడు చట్టం కూడా ఆ కొడుకునే పట్టుకుంటోంది. 2024లో అనుమతి లేకుండా హజ్‌కు ప్రయత్నించినవారికి 10 వేల రియాళ్ల జరిమానా అన్నారు. 2025లో దాన్ని 20 వేల రియాళ్ల దాకా పెంచారు. మన లెక్కలో అది నాలుగు లక్షల రూపాయలకు పైమాటే. అంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. విజిట్ వీసాపై వచ్చిన వ్యక్తి అనుమతి లేకుండా హజ్‌కు ప్రయత్నించినా, ఆ రోజుల్లో మక్కాలోకి వెళ్లినా, ఆ వ్యక్తి కోసం వీసాకు దరఖాస్తు చేసినవారికి లక్ష రియాళ్ల దాకా జరిమానా విధిస్తామన్నారు. ఇద్దరిని పిలిపిస్తే అది రెట్టింపు అవుతుంది. అక్కడ నివాసం ఉంటున్న విదేశీయుడే అనుమతి లేకుండా హజ్‌కు ప్రయత్నిస్తే దేశం నుంచి పంపించి, పదేళ్లపాటు మళ్లీ రానివ్వబోమని ప్రకటించారు. పదేళ్ల నిషేధం అంటే చాలామంది విషయంలో బతుకుదెరువు ముగిసిపోయినట్టే.

ఇవి కాగితం మీది బెదిరింపులు మాత్రమే అనుకోరాదు. 2024 హజ్‌కు ముందు మూడు లక్షల మందికి పైగా అనుమతి లేనివారిని మక్కా నుంచి వెనక్కి పంపారు. 2025లో జూన్ మొదటి తేదీ నాటికే 2,69,678 మందిని అడ్డుకున్నట్టు అధికారులు చెప్పారు. ప్రతి యాత్రికుడి మెడలో నుసుక్ కార్డు ఉండాలి. పవిత్ర స్థలాల ప్రవేశం వద్ద దాన్ని తనిఖీ చేస్తారు. గుంపులో కలిసిపోయి వెళ్లవచ్చన్న రోజులు పోయాయి.

ఇక ధర్మం దృష్టితో చూసినా సమాధానం స్పష్టంగానే ఉంది. హజ్ స్తోమత ఉన్నవారిపైనే విధి. స్తోమత అంటే డబ్బు ఒక్కటే కాదని, ఆరోగ్యం, దారిలో భద్రత కూడా అందులో భాగమేనని ధర్మవేత్తలు మొదటి నుంచీ చెబుతున్నారు. అనుమతి దొరకనివాడికి దారి తెరుచుకోలేదనే అర్థం. అటువంటివాడిపై పాపం లేదు. పైగా అనుమతి లేకుండా హజ్‌కు వెళ్లటం తగదని, అలా చేసినవారు పాపం మూటగట్టుకుంటారని సౌదీ ఉలమాల ఉన్నత మండలి 2024లోనే ప్రకటించింది. అనుమతి లేనివాడు ఆక్రమించిన చోటు, తాగిన నీళ్లు, పడుకున్న ఆస్పత్రి మంచం మరో యాత్రికుడి కోసం లెక్కగట్టి పెట్టినవి. 1990లో మినా సొరంగంలో తొక్కిసలాట జరిగి 1,426 మంది, 1997లో మినా గుడారాల్లో మంటలు చెలరేగి 343 మంది మరణించారు. యాత్రికుల సంఖ్యను, గుడారాలను, నడిచే దారులను ముందుగానే లెక్కగట్టవలసిన అవసరం ఇలాంటి అనుభవాల నుంచే వచ్చింది. ఆ లెక్క తప్పితే ప్రమాదం అందరికీ వస్తుంది.

తప్పు యాత్రికుడిదేనా?

ఇంత చెప్పాక మరో పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ప్రజలు పక్కదారులు వెతుకుతున్నారంటే రాజమార్గం ఇరుకుగా ఉందన్నమాట. కోటా జనాభా మీద ఆధారపడి ఉన్నా, హజ్ చేయాలన్న కోరిక ఏ లెక్కకూ లొంగదు. లాటరీలో పేరు రాని వృద్ధుడికి వచ్చే ఏడు తాను ఉంటానో లేదోనన్న బెంగ ఉంటుంది. ఆ బెంగనే ఏజెంట్లు అమ్ముకుంటున్నారు.

సక్రమ మార్గంలో వెళ్లినవారికీ కష్టాలు తప్పటం లేదు. 2025లో మన ప్రైవేటు ఆర్గనైజర్లకు కేటాయించిన 52,507 సీట్లలో దాదాపు 42 వేలు చేజారిపోయాయి. ఒక్కొక్క ఆపరేటరుకు కనీసం రెండు వేల మంది యాత్రికులు ఉండాలన్న సౌదీ షరతు వల్ల ఎనిమిది వందలకు పైగా ఉన్న మన ఆపరేటర్లను 26 ఉమ్మడి గ్రూపులుగా కలిపారు. మినాలో గుడారాలకు, బసకు, రవాణాకు గడువులోగా ఒప్పందాలు పూర్తి చేయలేదు కనుక ఆ చోట్లు పోయాయి. మన ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక పది వేల మందికి మాత్రం మళ్లీ అవకాశం ఇచ్చారు. మిగతావారు లక్షల రూపాయలు కట్టి, ఇహ్రామ్ దుస్తులు కొనుక్కుని, ఇంట్లోనే ఉండిపోయారు. ఈ నిర్లక్ష్యానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న అడగవలసిందే. నియమం పాటించినవాడికి నష్టం జరిగితే, నియమం తప్పినవాడిని ఏ నోటితో మందలించగలం?

అలాగని నియమాలన్నీ బిగుసుకుపోతున్నాయనీ అనలేం. మహరమ్ పురుషుడు వెంట లేకుండా మహిళలు హజ్‌కు రావటానికి వీలుండేది కాదు. 45 ఏళ్లు దాటిన మహిళలు బృందంగా వెళ్లే ఏర్పాటు మన దేశంలో 2018లో మొదలైంది. 2022 అక్టోబరులో సౌదీ హజ్ మంత్రి మహరమ్ షరతు లేదని ప్రకటించారు. 2023లో మన దేశం నుంచి 4 వేలకు పైగా మహిళలు అలా వెళ్లివచ్చారు. మరోపక్క 2025లో 12 ఏళ్లలోపు పిల్లలను హజ్‌కు అనుమతించలేదు. అంటే నిబంధనలు ప్రతి యేడూ మారుతున్నాయి. పోయినేడు వెళ్లివచ్చిన బంధువు చెప్పిన మాటను నమ్ముకుని ఈ యేడు బయలుదేరటం క్షేమం కాదు.

ఆజాద్ వీసా అనే అబద్ధం

ఇక ఉద్యోగ వీసా సంగతికి వద్దాం. మన ప్రాంతాల్లో ‘ఆజాద్ వీసా’ అనే మాట తెలియనివారు ఉండరు. కంపెనీ వీసా అయితే ఆ కంపెనీలోనే పనిచేయాలి, ఆజాద్ వీసా అయితే ఎక్కడ కావాలంటే అక్కడ పని చూసుకోవచ్చు అని ఏజెంట్లు చెబుతారు. అందుకని దానికి ఎక్కువ ధర అడుగుతారు. అప్పు చేసో, భార్య నగలు కుదువపెట్టో కొనేవారు ఉన్నారు.

సౌదీ చట్టంలో ఆజాద్ వీసా అనేది ఎక్కడా లేదు. పైగా ఆ దేశ కార్మిక చట్టంలోని 39వ అధికరణం దానికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. యజమాని తన కార్మికుణ్ణి మరొకరి దగ్గర పనికి పంపరాదు, కార్మికుడు సొంతంగా పని చేసుకోరాదు అని ఆ అధికరణం చెబుతోంది. అంటే ఆజాద్ వీసాపై వెళ్లినవాడు పనిలో దిగిన మొదటి రోజు నుంచే నేరస్థుడి కింద లెక్క. అతను ఎంత నిజాయితీగా చెమటోడ్చినా ఇది మారదు.

మరి ఈ వీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలావరకు ఇవి ఇంటి డ్రైవర్, ఇంటి పనివాడు, తోట పనివాడు అన్న పేరుతో ఓ కఫీల్ తీసుకున్న వీసాలే. దీనికి కారణం ఉంది. కంపెనీలు ప్రతి విదేశీ కార్మికుడికి ప్రభుత్వానికి నెలనెలా రుసుము కట్టాలి. అది 2018లో నెలకు 400 రియాళ్ల దాకా ఉండగా, 2020 నాటికి 800 దాకా పెరిగింది. యేడాదికి 9,600 రియాళ్లు, మన డబ్బులో రెండు లక్షలకు పైగా. ఇంటి పనివాళ్ల మీద ఆ భారం మామూలుగా ఉండదు. కనుక తక్కువ ఖర్చుతో వచ్చే ఆ వీసాను కఫీల్ అమ్ముకుంటాడు, ఇక్కడి ఏజెంటు దానికి ఆజాద్ అని పేరు పెడతాడు.

దీనివల్ల కార్మికుడు పోగొట్టుకునేది చాలా ఉంది. 40వ అధికరణం ప్రకారం వీసా ఖర్చు, ఇఖామా రుసుము, వాటిని రెన్యూ చేయించే ఖర్చు, పని ముగిశాక తిరుగు టికెట్టు యజమానే భరించాలి. ఆజాద్ వీసాలో ఇవన్నీ తారుమారవుతాయి. కార్మికుడే ఇఖామా ఖర్చు పెట్టుకుంటాడు, పైగా యేటేటా కఫీల్‌కు కప్పం కడతాడు. 2021 మార్చి 14 నుంచి సౌదీలో ఒక మంచి సంస్కరణ అమలులోకి వచ్చింది. ఒక యేడాది పనిచేశాక కార్మికుడు యజమాని అంగీకారం లేకుండానే మరో కంపెనీకి మారవచ్చు, సెలవుపై స్వదేశానికి వెళ్లిరావచ్చు. అయితే ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, పశువుల కాపరులకు, వ్యవసాయ కూలీలకు ఈ సంస్కరణను వర్తింపజేయలేదు. ఆజాద్ పేరుతో అమ్మే వీసాలు సరిగ్గా ఈ వర్గాలవే. స్వేచ్ఛ అని చెప్పి అమ్మిన కాగితమే అన్నిటికంటే తక్కువ స్వేచ్ఛ ఉన్నది కావటం గమనార్హం.

కఫీల్‌కు కోపం వచ్చినా, ఇంకా డబ్బు కావాలనిపించినా, ‘నా మనిషి పారిపోయాడు’ అని ఒక్క ఫిర్యాదు చేస్తే చాలు. దాన్నే హురూబ్ అంటారు. దానితో ఇఖామా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంటుంది. పనిచేయించుకున్నవాడు జీతం ఎగ్గొట్టినా పోలీసు దగ్గరకు వెళ్లలేడు. జబ్బు చేస్తే బీమా ఉండదు. ఇంట్లో తండ్రి పోయినా వచ్చి జనాజాకు భుజం పట్టలేడు. 2013లో సౌదీ ప్రభుత్వం నితాఖత్ విధానంతో పాటు కాగితాలు సరిచేసుకోవటానికి గడువు ఇచ్చినప్పుడు లక్షకు పైగా భారతీయులు తిరిగి రావలసివచ్చింది. 2017 మార్చిలో మళ్లీ 90 రోజుల క్షమాభిక్ష ప్రకటించారు. ప్రతి క్షమాభిక్షలోనూ మన జిల్లాల పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. వాళ్లలో దొంగలు లేరు, దోపిడీదార్లు లేరు. వీసాలో రాసిన పని వేరు, చేసిన పని వేరు. వాళ్ల తప్పంతా అదే.

కుటుంబ వీసాల మీద కూడా ఈ లెక్కల ప్రభావం పడింది. 2017 జూలై నుంచి భార్యాబిడ్డల్లో ఒక్కొక్కరికి నెలకు వంద రియాళ్ల రుసుము మొదలుపెట్టి, 2020 నాటికి నాలుగు వందలు చేశారు. నలుగురున్న కుటుంబం యేడాదికి ఎంత కట్టాలో లెక్క వేసుకోవచ్చు. చాలామంది భార్యాపిల్లల్ని హైదరాబాద్ పంపించేశారు. ఆ తర్వాత విజిట్ వీసాల మీద పిలిపించుకోవటం మామూలైంది. విజిట్ వీసా మన ఇళ్లలో ఇంత పాతుకుపోవటానికి ఇదొక కారణం.

మన చట్టం ఇచ్చిన రక్షణ

1983 నాటి వలస చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ముద్ర ఉంటుంది. అటువంటివారు సౌదీతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం ఉంది. చాలామంది దీన్నొక అడ్డంకి అనుకుంటారు. నిజానికి అది రక్షణ. ఆ అనుమతి ఇచ్చే ముందు యజమాని ఎవరో, జీతం ఎంతో, పని ఏదో ఒప్పందం చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షల రూపాయల బీమా ఉంటుంది. రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి నుంచి 30 వేల రూపాయలు, దానిపై పన్ను తప్ప ఎక్కువ తీసుకోరాదు.

విజిట్ వీసాపై వెళ్లేవారికి ఈ అనుమతి అక్కర్లేదు. ఏజెంట్లు ఉపయోగించుకునే సందు ఇదే. ‘ఇ.సి.ఆర్. గొడవ లేకుండా విజిట్ మీద పంపుతాను, అక్కడికి వెళ్లాక పని వీసాగా మార్పిస్తాను’ అంటారు. అలా వెళ్లినవాడి పేరు మన ప్రభుత్వ రికార్డుల్లో కార్మికుడిగా ఉండదు. ఒప్పందం ఉండదు, ఆ బీమా ఉండదు. అక్కడ ఏదైనా జరిగితే జెద్దాలోని మన కాన్సులేటుగాని, రియాద్‌లోని రాయబార కార్యాలయంగాని ఏ యజమానిని నిలదీయగలవు?

బయలుదేరే ముందు

ఈ పేజీ పాఠకులు కొన్ని విషయాలు తప్పక గుర్తుంచుకోవాలని కోరుతున్నాం.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. హజ్, ఉమ్రా యాత్రికులు మెనింజైటిస్ టీకా బయలుదేరటానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. విమానం ఎక్కే ముందు రోజు వేయించుకుంటే ప్రయోజనం లేదు.

2023 మే నుంచి మన దేశంలో సౌదీ వీసాను పాస్‌పోర్టులో స్టిక్కరుగా అంటించటం ఆపి, క్యూఆర్ కోడ్ ఉన్న కాగితంగా ఇస్తున్నారు. కాగితాన్ని నకిలీ చేయటం తేలిక. కనుక ఏజెంటు చూపించిన కాగితాన్ని చూసి సంతోషపడక, వీసా నంబరుతో సౌదీ విదేశాంగ శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే అయిదు నిమిషాల పని.

ఉద్యోగ వీసాకు గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రంలోనే వైద్య పరీక్ష చేయించుకోవాలి. వేలిముద్రలు ఇవ్వాలి. 2025 జనవరి నుంచి చదువు సర్టిఫికెట్ల పరిశీలన కూడా ముందే పూర్తి కావాలన్నారు. కొన్ని చేతిపనులకు నైపుణ్య పరీక్ష ఉంది. ‘ఇవేవీ అక్కర్లేదు, నేను చూసుకుంటాను’ అనే ఏజెంటు దగ్గర నుంచి లేచి వచ్చేయటమే మంచిది. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతున్నారు, అక్కడ కూడా విచారించవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది వీసాలో అరబ్బీలో రాసిన వృత్తి. ‘సాయిఖ్ ఖాస్’ అని ఉంటే ఇంటి డ్రైవర్. ‘ఆమిల్ మన్జిలీ’ అని ఉంటే ఇంటి పనివాడు. ‘రాయీ’ అని ఉంటే పశువుల కాపరి. ఎలక్ట్రీషియన్ పని అని చెప్పి ఇచ్చిన కాగితం మీద ఈ మాటలు కనిపిస్తే మోసం అక్కడే తెలిసిపోతుంది. జెద్దాలో దిగాక తెలుసుకోవటం కంటే ఇంట్లోనే తెలుసుకోవటం మేలు కదా!

మసీదు చేయగల పని

మన ఊళ్లలో అరబ్బీ చదవగలిగినవారు ఎవరు? మసీదు ఇమామ్ సాహెబ్, మదర్సా ఉస్తాద్. గల్ఫ్‌కు వెళ్లే ప్రతి యువకుడూ డబ్బు చెల్లించే ముందు ఆ వీసా కాగితాన్ని వారికి చూపించే అలవాటు చేసుకుంటే ఎన్నో కుటుంబాలు అప్పుల ఊబిలో పడకుండా తప్పించుకుంటాయి. మసీదు కమిటీలు ఇందుకు చొరవ తీసుకోవాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు. జుమా నమాజు తర్వాత ఒక అరగంట కూర్చుంటే చాలు. హజ్ దరఖాస్తులు మొదలయ్యే రోజుల్లో హజ్ కమిటీ గడువులను, గుర్తింపు ఉన్న ఆర్గనైజర్ల పేర్లను నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు. ఖుత్బా ముందు ప్రసంగంలో హజ్ ఘనతను వివరించే మన మౌలానాలు అనుమతి లేని హజ్ సంగతి కూడా ఒక మాట చెప్పాలి.

వీసా అంటే ఒక దేశంతో మనం చేసుకున్న ఒప్పందం. ఫలానా పని కోసం వస్తున్నాం, ఇన్ని రోజులుంటాం, మళ్లీ వెళ్లిపోతాం అని మాట ఇచ్చి లోపలికి అడుగుపెడుతున్నాం. మాట ఇచ్చి తప్పటం, అమానత్‌కు ద్రోహం చేయటం మన ధర్మంలో చిన్న విషయాలు కావు. ఆ ఒప్పందం మనల్ని కట్టిపడేయటమే కాదు, మనకు హక్కులు కూడా ఇస్తుంది. హజ్ వీసా ఉన్నవాడికి మినాలో గుడారం హక్కు. సరైన ఉద్యోగ వీసా ఉన్నవాడికి జీతం, ఇఖామా, తిరుగు టికెట్టు హక్కు. వీసాలో ఒకటి, మనసులో మరొకటి పెట్టుకుని వెళ్లినవాడు ఆ హక్కులను విమానం ఎక్కకముందే వదులుకుంటున్నాడు.

ఈ యేడు లాటరీలో పేరు రాని తల్లిదండ్రులకు వచ్చే యేడు మళ్లీ దరఖాస్తు పెట్టండి. ఈలోగా అనుమతి ఉన్న రోజుల్లో ఉమ్రా చేయించండి. పనికి వెళ్లదలచిన తమ్ముడికి ఆజాద్ వీసా కోసం అప్పు తెచ్చి ఇచ్చే బదులు, ఆరు నెలలు ఆలస్యమైనా సరైన ఒప్పందం కోసం ఆగమని చెప్పండి. ఆ ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని భరించవచ్చు. దొడ్డిదారిన వెళితే పోయేవి ప్రాణాలూ, సంవత్సరాలూ. వాటిని ఏ క్షమాభిక్షా తిరిగి ఇవ్వలేదు.